ఎన్నారై సందేహాలు: హీటర్ లేని మొక్కల ట్యాంకులో ఏ చేపలు వేసుకోవాలి?

"చలి దేశానికి వచ్చి ఆరు నెలలైంది. అద్దె ఫ్లాట్‌లో 45 లీటర్ల గాజు ట్యాంకు పెట్టి మొక్కలు నాటాను. హీటర్ పెట్టాలని లేదు. గప్పీలు, నియాన్ టెట్రాలు, ఒక ఫైటర్ చేప వేద్దామనుకుంటున్నాను. షాపులో అడిగితే రూమ్ టెంపరేచర్‌లో బతుకుతాయన్నారు. వేసుకోవచ్చా?"

చలికాలం మొదలయ్యే ముందు కొత్తగా వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు ఏటా ఈ మాటే అడుగుతారు. నా జవాబు సూటిగా చెబుతాను. ఆ మూడూ వద్దు. గప్పీకి నీళ్ళు కనీసం 22 డిగ్రీలైనా ఉండాలి. ఫైటర్‌కి 24 దాటితే గానీ హుషారు రాదు. నియాన్ టెట్రాకి 20 పైన ఉండి తీరాలి. హీటర్ లేకుండా వీటిని పెంచితే చలికాలమంతా మూలన ముడుచుకుని ఉంటాయి. బతికి ఉన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు.

"రూమ్ టెంపరేచర్" అనే మాట మీద నాకున్న కోపానికి కారణం ఉంది. నేను వచ్చిన మొదటి చలికాలంలో అదే మాట నమ్మి ఎనిమిది గప్పీలు తెచ్చాను. డిసెంబరులో నాలుగు రోజులు ఊరెళ్తూ, ఖాళీ ఇంటికి వేడి ఎందుకని థర్మోస్టాట్ తగ్గించి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నీళ్ళు 13 డిగ్రీలు. ఐదు చేపలు అడుగున పడి ఉన్నాయి. మిగిలిన మూడింటికి ఒంటి నిండా తెల్ల మచ్చలు లేచాయి, వారం తిరక్కుండానే అవీ పోయాయి. ఇప్పటికీ ఆ ఉదయం గుర్తొస్తే బాధగానే ఉంటుంది. తప్పు చేపలది కాదు. నా గది ఎంత చల్లబడుతుందో తెలుసుకోకుండా తెచ్చాను.

అందుకే చేపల కంటే ముందు ఒక డిజిటల్ థర్మామీటర్ కొనండి. నీళ్ళలో ముంచే తీగ ఉండి, కనిష్ఠం, గరిష్ఠం గుర్తుపెట్టుకునే రకం అయితే మంచిది. మొక్కలు మాత్రమే ఉన్న ట్యాంకులో దాన్ని రెండు మూడు వారాలు ఉంచండి. పగలు మీరు ఇంట్లో ఉన్నప్పుడు చూసే అంకెతో పని లేదు. తెల్లవారుజామున నాలుగింటికి, వేడి ఆగిపోయిన ఇంట్లో, నీళ్ళు ఎంతకు దిగాయన్నదే మీ అంకె. పైన మూత లేని ట్యాంకులో నీరు ఆవిరవుతూ గది కంటే ఒకటి రెండు డిగ్రీలు చల్లగా ఉంటుంది, అది కూడా లెక్కలో ఉంచుకోండి. ట్యాంకును కిటికీ పక్కన గానీ రేడియేటర్ పక్కన గానీ పెట్టకండి. ఒకచోట రాత్రి చలి, ఇంకోచోట పగటి వేడి. చేపను తక్కువ డిగ్రీల కంటే ఎక్కువగా కుంగదీసేది ఆ ఊగిసలాటే. ఫారెన్‌హీట్ వాడే దేశంలో ఉంటే 64 అంటే మన లెక్కలో సుమారు 18, 57 అంటే సుమారు 14 అని గుర్తుంచుకుంటే షాపు లేబుళ్ళు చదవడం తేలిక.

మీ అంకె 14కీ 18కీ మధ్య ఉందనుకుందాం. అప్పుడు నేను చెప్పే మొదటి పేరు వైట్ క్లౌడ్ మౌంటెన్ మిన్నో. నాలుగు సెంటీమీటర్ల చేప. పక్కగా వెలుగు గీత, ఎర్రటి తోక, అంచుల్లో మెరిసే రెక్కలు. చైనాలో గ్వాంగ్‌జౌ దగ్గరి బైయున్ పర్వతపు వాగుల్లో దొరికింది. బైయున్ అంటే తెల్ల మబ్బు, ఆ పేరే చేపకూ వచ్చింది. 1932లో శాస్త్రీయంగా వర్ణించినప్పుడు, దాన్ని కనిపెట్టిన స్కౌట్ నాయకుడు టాన్ పేరు కలిపి టానిక్తిస్ అన్నారు. ఆ తర్వాత సొంత వాగుల్లోనే చాలాకాలం కనిపించకుండా పోయింది, అంతరించిందనే అనుకున్నారు. తర్వాత అక్కడక్కడా కొద్దిపాటి గుంపులు బయటపడ్డాయి. మనం కొనేవన్నీ ఫారాల్లో పెరిగినవే. కొండవాగు చేప కాబట్టి 14 నుంచి 22 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. ఇంకా కిందికి దిగినా కొంతకాలం ఓర్చుకుంటుంది. దీనికి పడనిది ఎండాకాలం, ఆ సంగతి తర్వాత చెబుతాను.

షాపు ట్యాంకులో వైట్ క్లౌడ్ పాలిపోయి కనిపిస్తుంది. చాలామంది దాన్ని చూసి పక్క ట్యాంకులోని నియాన్ల వైపు తిరిగేది అందుకే. షాపులో నీళ్ళు దానికి వేడెక్కువ, కింద తెల్ల గులక, దాక్కోవడానికి ఆకు లేదు. అదే చేపను నల్ల ఇసుక, ముదురాకుపచ్చ నాచు ఉన్న చల్లటి నీళ్ళలో వేసి పది రోజులాగి చూడండి. మగచేపలు రెక్కలు పూర్తిగా విప్పి ఒకదానికొకటి ఎదురు నిలబడి పోటీ పడతాయి. కొట్టుకోవు, గాయాలు చేసుకోవు, అదంతా ప్రదర్శనే. నేను పద్నాలుగేళ్ళుగా వీటినే పెంచుతున్నాను, ఇంకా విసుగు రాలేదు. మీ 45 లీటర్లకు ఎనిమిది నుంచి పది వేయండి. రెండో మూడో తెస్తే మొక్కల వెనకే బతుకుతాయి, గుంపు ఉంటేనే ధైర్యంగా ముందుకొస్తాయి.

రెండో పేరు మెదాకా. జపాన్ వరిపొలాల చేప, రైస్ ఫిష్ అని కూడా అమ్ముతారు. జపాన్ భాషలో మె అంటే కన్ను, మెదాకా అంటే కళ్ళు పైకి ఉన్నదని. పైనుంచి చూస్తే కళ్ళు తల మీదే ఉన్నట్టుంటాయి. మేతను నీటి పైభాగంలోనే అందుకుంటుంది, కాబట్టి తేలే మేత వేయాలి. జపాన్‌లో దీన్ని పెరటి తొట్లలో ఏడాది పొడుగునా పెంచుతారు. చలినీ ఎండనీ రెంటినీ తట్టుకునే చిన్న చేప కావాలంటే దీనికి సాటి వచ్చేవి తక్కువ. 1994లో కొలంబియా స్పేస్ షటిల్‌లో వెళ్ళి అంతరిక్షంలో జతకట్టి గుడ్లు పెట్టిన మొదటి వెన్నెముక జీవి కూడా ఇదే. పిల్లలున్న ఇంట్లో ఈ కథ చెబితే మేత వేసే బాధ్యత వాళ్ళే తీసుకుంటారు. ఆడచేప గుడ్ల గుత్తిని పొట్ట కింద కాసేపు మోసుకు తిరిగి, తర్వాత మొక్కలకు అంటించడం మీ కళ్ళతోనే చూడొచ్చు. ఫిల్టర్ ప్రవాహం గట్టిగా ఉంటే మాత్రం అలసిపోతుంది. స్పాంజ్ ఫిల్టర్ చాలు.

మీ గది ఎప్పుడూ 18కి దిగదంటే జీబ్రా డానియో కూడా ఉంది. మన ఉపఖండపు వాగుల్లో, పొలాల పక్క కాలువల్లో తిరిగే చేప. ఇప్పుడు ప్రపంచమంతటా జన్యు పరిశోధన ల్యాబుల్లో దీన్ని విరివిగా వాడుతున్నారు. గట్టిది, చౌకగా దొరుకుతుంది. అయితే క్షణం నిలవదు. పొడవు 60 సెంటీమీటర్లు లేని ట్యాంకులో పెడితే ఒకదాన్నొకటి తరుముకుంటూనే ఉంటాయి. మీ ట్యాంకు చిన్నది కాబట్టి ఇది మీకు కాదని నా అభిప్రాయం. వేసుకుంటే మూత తప్పనిసరి, ఎగిరి నేల మీద పడుతుంది.

20 కంటే తగ్గని గదిలో సెలెస్టియల్ పెర్ల్ డానియో అందంగా ఉంటుంది. నీలం ఒంటి మీద ముత్యాలు చల్లినట్టు చుక్కలు, ఎర్రటి రెక్కలు, రెండు సెంటీమీటర్లు దాటి కొంచెం. 2006లో మయన్మార్ షాన్ రాష్ట్రపు ఎత్తైన గడ్డి కుంటల్లో బయటపడింది. పిరికి చేప. మొక్కలు దట్టంగా లేకపోతే కంటికే కనబడదు.

అడుగున తిరిగేదేదైనా కావాలని అడుగుతారు. పెప్పర్డ్ కోరిడోరాస్ చల్లటి నీళ్ళకు సరిపోతుంది, కానీ ఏడు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఆరు కలిసి ఉండాలి, మీసాలు అరిగిపోకుండా మెత్తటి ఇసుక కావాలి. 45 లీటర్లలో అది కుదరదు. బదులుగా చెర్రీ రొయ్యలు వేయండి. పాచి, రాలిన ఆకులు తింటూ ట్యాంకును చక్కగా ఉంచుతాయి, చలికి ఓర్చుకుంటాయి. రాగి మాత్రం వాటికి విషం. చేపల మందు ఏదైనా పోసే ముందు అందులో రాగి ఉందేమో చదవండి. వేడినీళ్ళ కుళాయి నుంచి నీళ్ళు పట్టొద్దని నేను చెప్పేది కూడా అందుకే. బాయిలర్‌లో, రాగి గొట్టాల్లో నిలవున్న నీరు అది.

గోల్డ్ ఫిష్ సంగతి ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. చలికి ఆగుతుంది, నిజమే. కానీ అది చిన్న చేప కాదు. జానెడు దాటి పెరుగుతుంది, మొక్కలను పీకి తింటుంది, అది విసర్జించే మురికికి 45 లీటర్లు ఏ మూలకీ చాలవు. గాజు గిన్నెలో గోల్డ్ ఫిష్ పెట్టడమంటే దాన్ని నెమ్మదిగా చంపడమే.

ఇక్కడ ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. రకానికి రెండు చొప్పున ఐదు రకాలు వేయాలని అందరికీ మొదట అనిపిస్తుంది. హీటర్ లేని చిన్న ట్యాంకులో ఒక్క రకాన్నే గుంపుగా వేయండి. ఒక్క ఉష్ణోగ్రత, ఒక్క మేత, ఒక్క అలవాటు. చేపలకు ఎప్పుడు బాగా లేదో మీకు వెంటనే తెలుస్తుంది.

మొక్కల్లో జావా మాస్, జావా ఫెర్న్, అనుబియాస్, హార్న్‌వర్ట్ చల్లటి నీళ్ళలో తట్టుకుంటాయి, కాకపోతే నెమ్మదిగా పెరుగుతాయి. లైటు ఆరేడు గంటలు చాలు. తేలే మొక్కల విషయంలో మీరున్న దేశపు జాబితా చూసుకోండి. మన చెరువుల్లో కనిపించే గుర్రపుడెక్క, అంతరతామర యూరోపియన్ యూనియన్‌లో పెంచడం, అమ్మడం నిషేధం.

మొక్కలు పచ్చగా ఉన్నాయి కదా అని రేపే చేపలు తేకండి. చేపల విసర్జన నుంచి అమ్మోనియా వస్తుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకోటి నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు ప్రమాదం. ఆ బాక్టీరియా స్థిరపడడానికి వెచ్చని నీళ్ళలోనే నెల పైన పడుతుంది, చల్లటి నీళ్ళలో ఇంకా ఆలస్యం. టెస్ట్ కిట్‌తో చూసి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యాకే మొదట నాలుగు చేపలు వేసి, కొన్ని వారాలు ఆగి మిగిలినవి తెచ్చుకోండి.

కుళాయి నీళ్ళను బకెట్‌లో రాత్రంతా ఉంచితే క్లోరిన్ పోతుందని మనకు అలవాటు. చాలా నగరాల్లో ఇప్పుడు క్లోరిన్ బదులు క్లోరమిన్ కలుపుతున్నారు, అది అలా పోదు. వాటర్ కండిషనర్ కలపాల్సిందే. వారానికి పావు వంతు నీళ్ళు మార్చండి. చలికాలంలో కుళాయి నీళ్ళు ఐదారు డిగ్రీలకు దిగుతాయి. బకెట్‌ను ట్యాంకున్న గదిలోనే కొన్ని గంటలు ఉంచి, తేడా రెండు డిగ్రీలకు మించకుండా చూసి పోయండి.

ఎండాకాలం మాట అన్నాను. ఏసీ లేని ఫ్లాట్లు ఇక్కడ ఎన్నో ఉన్నాయి, వడగాడ్పుల వారంలో నీళ్ళు 29, 30కి పోతాయి. 10 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 30 డిగ్రీల్లో ఏడున్నర మాత్రమే. అదే సమయంలో వేడికి చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, పైగా రాత్రి పూట మొక్కలు కూడా తీసుకుంటాయి. వైట్ క్లౌడ్‌లు తెల్లవారుజామున నీటి పైకి వచ్చి నోళ్ళు తెరిచి మూస్తుంటే అదే కారణం. మూత తీసి నీటి పైభాగం మీదికి చిన్న ఫ్యాన్ తిప్పండి, గాలి పంపు రాత్రంతా నడపండి. ఫ్యాన్‌తో రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. ఐసు ముక్కలు వేయకండి.

హీటర్ వద్దని పట్టు పట్టాల్సిన పనీ లేదు. మీ కనిష్ఠం 12 లోపుకి దిగుతుంటే 25 వాట్ల చిన్న హీటర్ కొని 16 దగ్గర పెట్టండి. మరీ చలి రాత్రుల్లోనే అది వెలుగుతుంది. నీళ్ళలో పెట్టకుండా స్విచ్ వేయకండి, హీటర్ గాజు పగులుతుంది.

అద్దె ఇల్లు కాబట్టి ఒప్పందంలో అక్వేరియం గురించి ఏముందో చదవండి. 45 లీటర్ల ట్యాంకు ఇసుక, గాజు కలిపి 60 కిలోల పైమాటే. ఇల్లు మారినప్పుడు చేపలను పెంచుకునే వేరేవాళ్ళకు ఇవ్వండి, లేదా షాపుకి తిరిగివ్వండి. చెరువులో, కాలువలో మాత్రం వదలకండి. చాలా దేశాల్లో అది నేరం. చలికి తట్టుకునే చేపలైతే ఇంకా ప్రమాదం, అక్కడ బతికి స్థానిక చేపలను దెబ్బతీస్తాయి.

ఇండియా వెళ్ళే మూడు వారాల సెలవు గురించి మీరు అడగలేదు కానీ, నా గప్పీలు పోయింది అలాంటప్పుడే కాబట్టి చెబుతున్నాను. నీళ్ళు 15 డిగ్రీలకు దిగితే చేపకు అరుగుదల మందగిస్తుంది, మేత తక్కువే కావాలి. బాగా స్థిరపడిన మొక్కల ట్యాంకులో ఎదిగిన చేపలు వారం రోజులు ఏ మేతా లేకుండా ఉండగలవు. మూడు వారాలకైతే తాళం ఇచ్చి వెళ్ళే స్నేహితుడికి చిటికెడు చిటికెడుగా కట్టిన పొట్లాలు ఇవ్వండి, మూడు రోజులకొకటి చొప్పున. మేత డబ్బా అటకెక్కించి వెళ్ళండి, జాలి పడి ఎక్కువ వేస్తే నీళ్ళు పాడవుతాయి. థర్మోస్టాట్ 15 కంటే కిందికి తిప్పకండి. బయల్దేరే రోజు థర్మామీటర్‌లో పాత కనిష్ఠం చెరిపేసి వెళ్తే, తిరిగొచ్చాక మీరు లేనప్పుడు నీళ్ళు ఎంతకు దిగాయో అదే చూపిస్తుంది.