లీజన్ అంటే పుండేనా?

సందేహం: మా అన్నయ్యకు మెడ పక్కన గడ్డ లేచింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టులో 'లీజన్' అని ఉంది. దాన్ని తెలుగులో 'పుండు' అని రాసిచ్చారు. చర్మం ఎక్కడా చిట్లలేదు, మరి పుండు ఎలా అవుతుంది? గడ్డ, కణితి, పుండు అన్నీ ఒకటేనా?

సమాధానం: మీ అనుమానం సరైనదే, ఆ అనువాదమే తప్పు. పైపొర పోయి లోపలి కండ బయటపడితేనే పుండు. నాలుక అంచున పొర లేచిపోయి, గుంట పడి, మాట్లాడుతుంటే పళ్లకు ఒరుసుకుని మండుతుందే, అది పుండు. పైన చర్మం నున్నగానే ఉండి కింద ఉండలా చేతికి తగిలేది గడ్డ. ఈ తేడాను మన క్రియలే పట్టిస్తాయి. పుండు పడుతుంది, గడ్డ లేస్తుంది, నోరు పూస్తుంది. గొంతు నొప్పి వచ్చినప్పుడు దవడ కింద బిళ్ళ కడుతుంది.

లీజన్‌కు మూలమైన లాటిన్ మాటకు అర్థం హాని, దెబ్బ. డాక్టర్లు దాన్ని కావాలనే వాడతారు. అక్కడ ఏదో మార్పు ఉంది, అదేమిటో ఇంకా తేలలేదు అని చెప్పడానికి అది వీలైన మాట. పుండు, గడ్డ, మచ్చ, తిత్తి అన్నీ అందులో ఇమిడిపోతాయి. కొందరు 'గాయం' అంటారు గానీ, గాయమంటే బయటి నుంచి తగిలిన దెబ్బే మనకు గుర్తొస్తుంది. తెలుగులో అంత తటస్థమైన మాట లేదు. మన మాటలన్నీ కంటికి కనిపించిందీ చేతికి తగిలిందీ చెప్పేవే. అది లోపమని నేననుకోను. ద్రవం నిండి సంచిలా ఉండే సిస్ట్‌కు 'తిత్తి' ఎంత చక్కగా అమరిందో చూడండి. ఊపిరితిత్తిలో, కొలిమితిత్తిలో ఉన్న తిత్తే అది. సిస్ట్‌కు మూలమైన గ్రీకు మాటకూ సంచి అనే అర్థం.

'గండమాల' కూడా చూసి పెట్టిన పేరే. గండమంటే వాపు, మాల అంటే దండ. మెడలో గ్రంథులు వరసగా ఉబ్బి దండలా కనిపిస్తాయి. దీనికి తరచు కారణం క్షయ. ఆ క్షయ క్రిమిని జర్మన్ వైద్యుడు రాబర్ట్ కోచ్ 1882లో కనిపెట్టాడు. అదే గ్రంథి ముక్కను మైక్రోస్కోప్ కింద పెడితే మధ్యలో జున్నులా చచ్చిన కణజాలం, చుట్టూ గుంపు కట్టిన కణాలు కనిపిస్తాయి. వైద్యం రాతల్లో జంటగా కనిపించే మాటల్లో, క్లినికల్ లక్షణాలంటే ఆ దండ. పాథలాజికల్ లక్షణాలంటే ఈ జున్ను. ఈ జంటను నేనైతే 'పైకి కనిపించే లక్షణాలు, కణజాలంలో కనిపించే లక్షణాలు' అని రాస్తాను.

ఒక్కోసారి రెండూ చూస్తే గానీ పేరు పెట్టలేం. నోటిలో వచ్చే ల్యూకోప్లేకియాను 'తెల్లమచ్చ' అని రాసేస్తుంటారు. నోటిలో తెల్లగా ఉన్నదల్లా అది కాదు. గీకితే ఊడొచ్చేది చాలావరకు ఫంగస్ పూత. పైకి చూసినా, ముక్క చూసినా మరే జబ్బుగానూ తేలని తెల్లమచ్చే ల్యూకోప్లేకియా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1978లో నిర్వచించింది. పైగా ఒట్టి 'తెల్లమచ్చ' అంటే జనానికి బొల్లి గుర్తొస్తుంది. ఇక్కడ ఇంగ్లీషు పేరునే తెలుగు లిపిలో ఉంచి, పక్కన ఒక వాక్యం వివరణ ఇవ్వడం మేలు.

ఇక కణితి. ఇదే ఎక్కువ టెన్షన్ పెట్టే మాట. కణితి అంటే కణాలు అదుపు తప్పి పెరిగిన ముద్ద. అందులో క్యాన్సర్ కానివీ ఉంటాయి, మెడ మీద లేచే కొవ్వు గడ్డ అలాంటిదే. 'అర్బుదం' కూడా మొదట్లో క్యాన్సర్‌కు మాత్రమే పెట్టిన పేరు కాదు. గుండ్రంగా, కదలకుండా ఉండి, మెల్లగా పెరిగి, చీము పట్టని వాపును సుశ్రుతుడు అర్బుదమన్నాడు. గడ్డ అనేది వీటన్నిటికంటే వెడల్పైన మాట. చీము పట్టిన సెగ్గడ్డా గడ్డే, కణితీ గడ్డే. అందుకే ముక్క పరీక్ష ఫలితం రాకముందు కణితి అనకూడదు.

మీ అన్నయ్య కాగితంలో ఆ 'పుండు' కొట్టేసి 'మెడ పక్కన గడ్డ' అని రాయించండి. అదేం గడ్డో కింద పాథాలజిస్టు, అంటే ముక్కను పరీక్షించిన డాక్టరు, రాసిన వాక్యంలో ఉంటుంది. దాన్ని మీ అన్నయ్యను చూసే డాక్టరు చేతే చదివించుకోండి.