అడ్వాన్సు కోసం ఎఫ్‌డీ ఖాళీ చేయకండి

ప్రశ్న: తిరుచానూరు దగ్గర 40 అంకణాల స్థలంలో ఇల్లు కడుతున్నాం. మేడ మీద ఒక గదితో కలిపి 1,100 చదరపు అడుగులు. మెటీరియల్‌తో సహా అడుగు 1,900 లెక్కన కాంట్రాక్టరుతో మాట్లాడుకున్నాం. బ్యాంకు 16 లక్షలు మంజూరు చేసింది. ఎఫ్‌డీలో 6 లక్షలున్నాయి. ముందుగా ఏడున్నర లక్షలు ఇస్తే 50 వేలు తగ్గిస్తానంటున్నాడు. తక్కువైన లక్షన్నర తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తేవచ్చా? అగ్రిమెంటులో ఏం చూసుకోవాలి? అద్దెతో కలిపి మా నెల ఖర్చు 36 వేలు.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తేవద్దు. లక్షన్నరకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 3 వేలు. పని 16 నెలలు సాగితే 48 వేలు వడ్డీకే పోతాయి. అతను తగ్గించే 50 వేలు అక్కడే కరిగిపోతాయి, అసలు మాత్రం మీ నెత్తిన అలాగే ఉంటుంది. పైగా ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే తీయడానికి మీ చేతిలో రూపాయి ఉండదు. ఇల్లు కట్టేవాళ్లలో చాలామంది చేస్తున్న తప్పు ఇదే కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు అత్యవసర నిధిగా 3 లక్షలు పక్కన పెట్టండి. 36 వేల ఖర్చు, సుమారు 14 వేల ఈఎంఐ, ఆరు నెలలకు లెక్క అంతే. ఎఫ్‌డీలోని ఆ 3 లక్షలను ఇంటి పనికి ముట్టుకోకూడదు. స్లాబు ఆగిపోయినా సరే, ముట్టుకోకూడదు.

మరి డబ్బు ఎలా సరిపోతుంది? మేడ మీది గది ఇప్పుడు వద్దు. 150 అడుగులు తగ్గితే 2.85 లక్షలు మిగులుతాయి. పునాది మాత్రం పై అంతస్తుకు తగ్గట్టు వేయమని ఇంజినీరుకు చెప్పండి. అప్పుడు ఖర్చు 18.05 లక్షలు. లోను పోను మీరు పెట్టాల్సింది 2.05 లక్షలే. అత్యవసర నిధి తీసినా ఇంకో 95 వేలు చేతిలో ఉంటాయి. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ రేటులో లేకపోతే వాటికి పనికొస్తాయి. బంగారం లోను ఆఖరి దారి, అదీ బ్యాంకులోనే.

ఇక అగ్రిమెంటు. మీరు పంపిన కొటేషన్‌లో మెటీరియల్ గురించి ఉన్నది ఒక్క ముక్క: 'మంచి మెటీరియల్, మంచి పని'. సిమెంటు, స్టీలు ఏ కంపెనీవో, ఏ గ్రేడో, టైల్స్ అడుగు ఎంతలోపో పేరుపేరునా రాయించాలి. బాల్కనీ, సన్‌షేడ్, మెట్లు కొలతలోకి వస్తాయో లేదో రాయించాలి. అతనికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే మెటీరియల్‌తో కలిపిన కాంట్రాక్టుకు 18 శాతం పన్ను. అది 1,900లోనే ఉందా, విడిగానా? విడిగా అయితే 18.05 లక్షల మీద మూడు లక్షలు దాటుతుంది.

అన్నిటికంటే ముఖ్యం చెల్లింపుల పట్టిక. బ్యాంకు మొత్తం ఒకేసారి ఇవ్వదు. బేస్‌మెంటు, లింటల్, స్లాబు, ప్లాస్టరింగ్ ఒక్కొక్కటీ పూర్తయ్యాక చూసుకుని విడుదల చేస్తుంది. కాంట్రాక్టరు మాత్రం పని మొదలు కాకముందే అడుగుతాడు. ఈ రెండింటి మధ్య ఖాళీలోనే చేబదుళ్లు, రెండు రూపాయల వడ్డీలు పుడతాయి. అందుకే అడ్వాన్సు పది శాతం దాటనివ్వకండి. మిగతాది ప్రతి దశా పూర్తయ్యాకే. ఆఖరి ఐదు శాతం మీరు ఇంట్లోకి దిగి ఒక వర్షాకాలం గడిచేదాకా ఆపుకోండి. నవంబరు వానలు స్లాబు కారుతుందో లేదో తేల్చేస్తాయి.

అదనపు పని ఏదైనా రేటు రాసుకుని, ఇద్దరూ సంతకం పెట్టాకే మొదలవ్వాలి. పూర్తిచేసే తేదీ, ఆలస్యమైతే నెలకు ఎంత తగ్గించాలో, కూలీకి ప్రమాదం జరిగితే ఎవరు భరించాలో ఉండాలి. రేపు గొడవొస్తే జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు పెట్టడానికి ఈ కాగితమే ఆధారం.

సోమవారమే బ్యాంకుకు వెళ్లి దశలవారీ విడుదల పట్టిక తెచ్చుకోండి. దాన్ని కాంట్రాక్టరు ముందు పెట్టి, దాని ప్రకారమే తీసుకుంటానని రాయమనండి. కాదంటే ఇంకో ఇద్దరి దగ్గర కొటేషన్లు తీసుకోండి.