షుగర్‌తో అరికాళ్ల స్పర్శ పోయినవారికి వైబ్రేషన్ పట్టీ పనికొస్తుందా?

అరికాలి కింద ప్రెషర్ సెన్సర్, పిక్కకు వైబ్రేషన్ పట్టీ పెడితే నాన్నగారికి స్పర్శ తిరిగొస్తుందా, ఇంట్లో చేసుకోవచ్చా అని అడిగారు. నరం బాగుపడదు. పాదం పంపలేని కబురును పిక్క చర్మం అందుకుంటుంది, అంతే. తూలకుండా నడవడానికి అదీ పెద్ద ఆసరాయే. "నరాలు మేల్కొంటాయి" అంటూ మసాజ్ యంత్రాలు అమ్మేవాళ్ల మాట మాత్రం నమ్మకండి.

తిమ్మిరి వేళ్ల నుంచి పైకి పాకుతుంది. అందుకే కట్టేముందు కళ్లు మూసుకోమని, పట్టీలో అదిరే చిన్న మోటార్‌ను చీలమండ, పిక్క, తొడ మీద ఆనించి చూడండి. పిక్కలో తెలియకపోతే తొడకే కట్టాలి. రెండు మోటార్ల మధ్య 5 సెంటీమీటర్లయినా లేకపోతే రెండూ ఒకటే అనిపిస్తాయి.

10 మిల్లీమీటర్ల కాయిన్ మోటార్ 80 మిల్లీఆంపుల దాకా లాగుతుంది. సెన్సర్ చదివి మోటార్‌ను నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డుయినో. దాని పిన్ నుంచి 20కి మించి తీసుకోకూడదు. అందుకే మధ్యలో స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్, మోటార్ ఆగినప్పుడు పుట్టే వోల్టేజ్ పోటును అడ్డుకోవడానికి మోటార్‌కు సమాంతరంగా డయోడ్ తప్పనిసరి.

ఒత్తిడి ఉన్నంతసేపూ మోటార్ తిరుగుతూనే ఉంటే చర్మం అలవాటుపడి పట్టించుకోదు. మడమ ఆనినప్పుడు ఒకటి, వేళ్లు లేచినప్పుడు ఒకటి, 100 మిల్లీసెకన్ల అదురు చాలు. మరీ తగ్గిస్తే మోటార్ వేగం అందుకునేలోపే ఆగిపోతుంది.

సిగ్నల్ నొప్పించకూడదు కూడా. వెల్లూరులో కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, తర్వాత అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రిలో, స్పర్శ పోయిన చేతుల కోసం ఇలాంటి సెన్సర్ గ్లవ్స్ చేయించారు. ఒత్తిడి మించితే శబ్దం వచ్చేలా పెడితే రోగులు లెక్కచేయలేదు. చంకలో కరెంటు షాక్ పెట్టారు. అప్పుడు రోగులు స్విచ్ ఆపేసి, గట్టిగా బిగించాల్సిన పని కానిచ్చి, మళ్లీ ఆన్ చేసుకునేవారు.

అసలు ప్రమాదం సెన్సర్‌తోనే. దాని అంచు, సోల్డర్ బొడిపె స్పర్శలేని పాదానికి గుచ్చుకుంటే పుండు పడుతుంది, ఆయనకు తెలియదు. సెన్సర్‌ను ఎమ్‌సీఆర్ చెప్పు (స్పర్శలేని పాదాలకు వాడే మెత్తని రబ్బరు చెప్పు) మెత్త పొర పైన కాదు, కింద అమర్చండి. వైరును పాదం వంపు వైపు నుంచి తీయండి. చెమటకు, వేడికి సెన్సర్ రీడింగ్ మారిపోతుంది కాబట్టి పాదం గాలిలో ఉన్నప్పటి విలువనే ప్రతిసారీ సున్నాగా తీసుకునేలా కోడ్ రాయండి. రాత్రిపూట అద్దం పెట్టి అరికాళ్లు చూడడం మానకూడదు.

ఈ పట్టీ వేడిని చెప్పదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గుడి ప్రాంగణంలో రాళ్ల మీద వట్టికాళ్లతో నడిస్తే బొబ్బలు లేచేదాకా తెలియదు. దర్శనానికి తెల్లవారుజామునే తీసుకెళ్లండి.