అలవోక వెనక ఉన్న కుట్టు

ప్రియమైన అమ్మాయికి,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి గబగబా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. రోజూ, ప్రయాణాల్లో, ఫంక్షన్లలో పారిస్ అమ్మాయిల్లా సింపుల్‌గా ఎలా తయారవ్వాలో రాశావు. పన్నెండు పేరాల్లో ‘ఎఫర్ట్‌లెస్’ అన్న మాట పదిహేడుసార్లు వచ్చింది. మనకు దానికి చక్కటి మాట ఉంది, అలవోక. అది వాడు. వాడిన ప్రతిసారీ ఒక ప్రశ్న కూడా వేసుకో. ఈ అలవోక ఎక్కడినుంచి వచ్చింది? దానికోసం ఎవరు, ఎప్పుడు కష్టపడ్డారు? నీ వ్యాసంలో నాకు ఆ జవాబు దొరకలేదు. మిగిలినవన్నీ చిన్న దిద్దుబాట్లు.

ముప్ఫై ఏళ్లకు పైగా బట్టల గురించి రాస్తున్నాను. మొదట్లో నేనూ నీలాగే అనుకున్నాను, పారిస్ వాళ్లకు ఇది పుట్టుకతో వస్తుందని. మా చెల్లెలు అక్కడ ఉన్న రోజుల్లో ఒక చలికాలం ఆరు వారాలు వాళ్లింట్లో ఉన్నాను. పొద్దున్నే కింద ఉన్న కేఫ్‌లో కూర్చుని వచ్చేపోయే వాళ్లను చూసేదాన్ని. ఒకావిడ రోజూ వచ్చేది. యాభై దాటి ఉంటాయి. నేవీ బ్లూ స్వెటర్, లోపలినుంచి తెల్ల చొక్కా కాలరు, బూడిద రంగు ప్యాంటు. అంతే. అయినా చూపు తిప్పుకోలేకపోయేదాన్ని. నాలుగో రోజుకు కారణం తెలిసింది. ప్యాంటు అంచు సరిగ్గా షూ పైభాగం దగ్గర ఆగేది, ఒక్క ముడత పడేది కాదు. స్వెటర్ భుజం కుట్టు ఆవిడ భుజం ఎముక చివరే ఉండేది, అటూ ఇటూ జారేది కాదు.

చెల్లెల్ని అడిగితే ఆ సాయంత్రం వీధి చివర ఉన్న చిన్న కొట్టుకు తీసుకెళ్లింది. పారిస్‌లో పేటపేటకూ ఇలాంటివి ఉంటాయి, బయట ‘రెతూష్’ అని బోర్డు. మన ఆల్టరేషన్ షాపే. లోపల హ్యాంగర్లకు వేలాడుతున్నవాటిలో సగం కొత్త బట్టలు, ధర చీటీ కూడా ఇంకా తీయనివి. కొన్న దాన్ని కొన్నట్టు వేసుకోకుండా ముందు ఇక్కడికి తెస్తారు. చేతులు ఒక సెంటీమీటరు తగ్గించడం, నడుము కాస్త పట్టడం, అంచు మడవడం. వారం తర్వాత ఆ బట్ట ఆ మనిషిదవుతుంది. వీధిలో మనకు అలవోకగా కనబడేది ఆ తర్వాతి సంగతి. బాగుచేయించుకోవడాన్ని ఆ దేశం ఎంత పట్టించుకుంటుందో చెప్పడానికి ఒక విషయం చాలు. బట్టలకూ షూలకూ రిపేరు చేయిస్తే బిల్లులో 6 నుంచి 25 యూరోల దాకా తగ్గింపు ఇచ్చే పథకం 2023 నవంబర్‌లో అక్కడ మొదలైంది.

నువ్వు ఈ సంగతికి ఒక్క వాక్యం ఇచ్చావు, ‘ఫిట్టింగ్ ముఖ్యం’ అని. దీనికి మూడు పేరాలు ఇవ్వు. జాకెట్టు కుట్టించుకోవడానికి దర్జీ చుట్టూ రెండుసార్లు తిరుగుతాం కదా, రెడీమేడ్ చొక్కాను మాత్రం కవరులోంచి తీసి అలాగే వేసేసుకుంటాం. నీ పాఠకురాలికి ఏం చూసుకోవాలో వరసగా చెప్పు. ముందు భుజం, ఎందుకంటే నడుము తగ్గించడం తేలిక, భుజం సరిచేయడం కష్టం, ఖర్చూ ఎక్కువ. తర్వాత చెయ్యి పొడవు. తర్వాత కూర్చున్నప్పుడు ప్యాంటు ఎక్కడ బిగుస్తుందో. ట్రయల్ రూమ్‌లో నిలబడి మాత్రమే చూసుకుంటే సగమే తెలుస్తుంది. కూర్చోమను, చెయ్యి పైకెత్తమను.

ఇంకో అలవోక ఉంది, దాని వెనక కష్టం వందేళ్లకు పైబడినది. ‘ఫ్రెంచ్ అమ్మాయి ఒక ప్యాంటు తగిలించుకుని సైకిలెక్కి వెళ్లిపోతుంది’ అని ముచ్చటగా రాశావు. 1800లో పారిస్ పోలీసులు ఒక ఉత్తర్వు తెచ్చారు. మగవాళ్ల దుస్తులు వేసుకోవాలనుకునే స్త్రీ పోలీసు శాఖ దగ్గర అనుమతి తీసుకోవాలి. 1892లో, మళ్లీ 1909లో కాస్త సడలించారు. చేతిలో సైకిల్ హ్యాండిలో, గుర్రం కళ్లెమో ఉంటే ప్యాంటు వేసుకోవచ్చన్నారు! ఆచరణలో ఎప్పుడో మరుగునపడినా, ఆ ఉత్తర్వు చెల్లదని ప్రభుత్వం బాహాటంగా ప్రకటించింది 2013లో. నీ వాక్యంలో ఆ సైకిల్ ఎలాగూ ఉంది. దాని పక్కన ఈ సంగతి పెట్టి చూడు, వాక్యం బరువే మారిపోతుంది. ఫ్రెంచ్ డిజైనర్ కోకో షానెల్ 1913లో డోవిల్ అనే సముద్రతీరపు ఊళ్లో కొట్టు తెరిచి, అప్పటిదాకా మగవాళ్ల లోదుస్తులకు వాడిన జెర్సీ అనే సాగే అల్లిక గుడ్డతో ఆడవాళ్లకు బట్టలు చేసింది. వంగినా నడిచినా అడ్డంపడని బట్టలు. 1966లో ఈవ్ సాఁ లోరాఁ అనే ఇంకో డిజైనర్ మగవాళ్ల డిన్నర్ సూటును ఆడవాళ్ల కొలతకు కుట్టాడు. ఈ సుఖం ఊరికే రాలేదని నీ పాఠకురాలికి తెలియాలి.

ఇక చారల టీషర్టు. ఆ పేరాలో ‘నెపోలియన్ గెలిచిన 21 యుద్ధాలకు గుర్తుగా 21 చారలు’ అని రాశావు. అందరూ చెప్పే కథ అది, కథగానే వదిలెయ్. ఖాయంగా రాయగలిగింది ఇది. 1858 మార్చి 27 నాటి ఆదేశం ఆ బనీనును ఫ్రెంచ్ నౌకాదళం యూనిఫారంలో చేర్చింది. 21 తెల్ల చారలు, ఒక్కోటి 20 మిల్లీమీటర్ల వెడల్పు. మధ్యలో నీలి చారలు, ఒక్కోటి 10 మిల్లీమీటర్లు. ఈ అంకెల్లో కొనేవాళ్లకు పనికొచ్చే కిటుకు కూడా ఉంది. నీలం తెలుపులో సగమే. అందుకే ఆ చొక్కా వేసుకున్న మనిషి తేలిగ్గా, గాలాడుతున్నట్టు కనిపిస్తుంది. రెండు చారలూ సమానంగా ఉన్నవి మన షాపుల్లో చాలా చూశాను, వాటివైపు చూస్తుంటే కళ్లు చెదురుతాయి. స్కేలు పెట్టి కొలవమని రాయి, నాకేం మొహమాటం లేదు.

‘ఫ్రెంచ్ వాళ్లందరూ’ అన్న మాట ఎక్కడున్నా కొట్టెయ్. పారిస్ ఉత్తరాన గుత్ దోర్ అనే పేట ఉంది. అక్కడి ఆఫ్రికన్ దర్జీలు కుట్టే రంగురంగుల వ్యాక్స్ ప్రింటు (మైనంతో అద్దిన తరహా నూలు గుడ్డ) గౌన్లు వేసుకుని వెళ్లే వాళ్లూ పారిస్ వాళ్లే. అల్లిక బుట్ట చేతికి తగిలించుకుని ‘ఫ్రెంచ్ అమ్మాయి’ అంటే ఇలా ఉండాలని లోకానికి చూపిన నటి, గాయని జేన్ బర్కిన్ లండన్‌లో పుట్టిన ఆంగ్లేయురాలు. ట్రెంచ్ కోటు ఇంగ్లండుది. జీన్స్ అమెరికాలో ఎదిగినా, డెనిమ్ అన్న పేరులో నీమ్ అనే ఫ్రెంచ్ ఊరు దాగుందంటారు. ఎక్కడెక్కడివో తెచ్చుకుని, ఏళ్ల తరబడి వాడి, తమవి చేసుకున్నారు.

అలా తెచ్చుకున్నవాటిలో మనదీ ఒకటి ఉంది. ఇది నీ వ్యాసంలో లేకపోవడం నాకు బాధ కలిగించింది, ఎందుకంటే మీ అమ్మమ్మగారిది మచిలీపట్నం దగ్గరి పెడన అని నువ్వే చెప్పావు. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం నుంచీ మిగతా కోరమాండల్ రేవుల నుంచీ వెళ్లిన అద్దకం బట్టలంటే ఫ్రాన్సు పడి చచ్చింది. నూలు గుడ్డ మీద ఉతికినా వెలవని రంగు వేయడం అప్పటికి వాళ్లకు చేతకాదు. కరక్కాయ, పటిక, ఎర్ర రంగునిచ్చే చిరివేరు తెలిసిన మన చేతులకు అది వచ్చు. వాటికి వాళ్లు పెట్టిన పేరు ‘ఇండియెన్’. తమ పట్టు, ఉన్ని నేతగాళ్ల పొట్ట కొడుతున్నాయని 1686లో రాజు పద్నాలుగో లూయీ ప్రభుత్వం వాటిని నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం నడిచింది. జరిమానాలు వేసినా జనం దొంగచాటుగా కొన్నారు, తొడిగారు. నిషేధం తొలగిన మరుసటి ఏడాదే వెర్సాయ్ దగ్గర జుయీలో ఓబెర్‌కాంఫ్ అనే ఆయన అద్దకం కార్ఖానా పెట్టాడు. ఇప్పటికీ దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవాన్స్ సంతల్లో కనిపించే చిన్నచిన్న పూల గుడ్డలది ఆ వంశమే. కాబట్టి తెల్ల చొక్కా, నేవీ ప్యాంటు మీద పెడన కలంకారీ స్కార్ఫు చుట్టుకుని ఒక తెలుగమ్మాయి పారిస్ వీధిలో నడిస్తే, ఆ గుడ్డకు ఆ ఊరు కొత్త కాదు. నీ వ్యాసానికి ఇది గుండెకాయ కాగలదు.

రంగుల గురించి నువ్వు రాసింది బాగుంది, ముట్టుకోను.

ప్రయాణాల పేరాలో ‘కొత్త షూ కొనుక్కోండి’ అన్నావు. వద్దు తల్లీ. నా మొదటి ప్రయాణానికి కొత్త జత కొనుక్కుని వెళ్లి, రాళ్లు పరిచిన ఆ వీధుల్లో మొదటి రోజే మడమలు బొబ్బలెక్కి మూడు రోజులు ఇంట్లో కూర్చున్నాను. నెల రోజులు వేసుకుని తిరిగిన చదును షూ తీసుకెళ్లమని రాయి. మెట్రోలో చాలా స్టేషన్లకు లిఫ్టు ఉండదు. పెట్టె మోసేది మనమే, మెట్లెక్కేదీ మనమే. అందుకని రెండు ప్యాంట్లు, నాలుగు పై బట్టలు, ఒక స్వెటరు, ఒక కోటు, ఒక గౌను చాలు. ప్రతి పై బట్టా రెండు ప్యాంట్లతోనూ కలవాలి, కలవనిది ఇంట్లోనే ఉండాలి. దానికి తోడు చదరపు స్కార్ఫు ఒకటి. ఎర్మెస్ అనే పారిస్ కంపెనీ వాళ్లు 1937లో పట్టుతో మొదలుపెట్టిన దానికి పక్కకు 90 సెంటీమీటర్లు. అంత ధర పెట్టక్కర్లేదు, ఆ కొలతలో మెత్తటి నూలు గుడ్డ ఏదైనా సరే. రైల్లో చలికి మెడకు, ఎండకు తలకు, చర్చిలోకి వెళ్లేటప్పుడు భుజాలకు. ఏప్రిల్‌లో పారిస్ వాతావరణం ఒకే రోజులో మూడు రకాలుగా ఉంటుంది, ఒకదాని మీద ఒకటి వేసుకుని తీసేయగలిగేవే పనికొస్తాయి.

ఫంక్షన్ల భాగం దగ్గర నీకో ఫ్రెంచ్ మాట ఇస్తాను, ‘ఆందిమాంషే’. దిమాంష్ అంటే ఆదివారం. ఆదివారం చర్చికి వెళ్లే మంచి బట్టలేసుకుని అందులో బిగుసుకుపోయిన మనిషిని అలా అంటారు. పొగడ్త కాదది. కొత్త పట్టుచీరలో కదలకుండా కుర్చీ అంచున కూర్చున్న పిల్లను చూస్తే మనకు అనిపించేది అదే. అక్కడ పెళ్లంటే ముందు పురపాలక భవనంలో జరగాలి, చట్టం అది. మతపరమైన తంతు ఆ తర్వాతే. ఆపైన విందు, అర్ధరాత్రి దాటేదాకా డాన్సు. పొద్దున వేసుకున్న బట్టలో ఇవన్నీ చేయగలగాలి. తెలుపు పెళ్లికూతురికి వదిలేయాలి. ఫ్రాన్సులో స్నేహితురాలి పెళ్లికి వెళ్లే మన అమ్మాయి గౌను కోసం తంటాలు పడనక్కర్లేదని కూడా రాయి. పలచటి మంగళగిరి చీర, ఒంటికి సరిపోయిన సాదా జాకెట్టు, చెవులకు మాత్రం నగ, మెడ ఖాళీ. అందులో డాన్సు కూడా చేయొచ్చు.

చివరగా నీ పదకొండో పేరా. అక్కడ రెండు పంక్తుల్లో మీ నాన్నగారి పాత తెల్ల చొక్కా గురించి రాశావు. కాలరు అరిగిందని, చేతులు మడిచి జీన్స్ మీద వేసుకుంటావని, ఆఫీసులో అందరూ ఎక్కడ కొన్నావని అడుగుతారని. వ్యాసమంతటిలో నేను పెన్సిల్ పక్కన పెట్టి చదివినవి ఆ రెండు పంక్తులే. అక్కడినుంచి మొదలుపెట్టి మళ్లీ రాయి. మీ నాన్నగారు నీకన్నా బాగా పొడగరి, ఆయన చొక్కా నీ భుజాల మీద ఊరికే నిలవదు. దాన్ని ఎవరు కుదించారు? వీధి చివరి దర్జీనా, అమ్మా, నువ్వేనా? ఎన్నిసార్లు విప్పి కుట్టారు? గుండీలు పాతవేనా? అది రాసి, వచ్చే ఆదివారంలోగా పంపు.

ఆశీస్సులతో,
అక్కయ్య