తలుపు తెరుచుకుంటే విమానం పడిపోతుందా?

ప్రశ్న: కెప్టెన్ గారూ, మా అబ్బాయి కమర్షియల్ పైలట్ శిక్షణలో ఉన్నాడు. ఈమధ్య సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానంలో ఒక్కడే వెళ్తుంటే టేకాఫ్ అవగానే కుడివైపు తలుపు తెరుచుకుందట. గాభరాగా తిరిగొచ్చి దిగుతుంటే విమానం రన్‌వే మీద ఎగిరెగిరి పడి ముక్కు చక్రం విరిగింది, ప్రొపెల్లర్ వంగింది. వాడికి దెబ్బలేం తగల్లేదు. పాత విమానం ఇచ్చినవాళ్లదే తప్పని మావారంటారు. తలుపుకీ చక్రానికీ ఏమిటి సంబంధం? వాణ్ణి మాన్పించమంటారా?
- ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, పిల్లాడు క్షేమంగా ఉన్నాడు, అది చాలు. రేకులు అతికించుకోవచ్చు.

సెస్నా 172 తలుపుకి కీళ్లు ముందువైపు ఉంటాయి. గాలి ఎదురుగా వచ్చి దాన్ని వెనక్కి నెడుతుంది కాబట్టి గడియ ఊడినా కాస్త సందు ఇస్తుందే తప్ప బార్లా తెరుచుకోదు. ఆ విమానం మాన్యువల్ కూడా తలుపు తెరుచుకున్నంత మాత్రాన దిగిపోనక్కర్లేదనే చెబుతుంది. విమానం నిక్షేపంగా ఎగురుతుంది. కాకపోతే ఆ హోరు! పరిగెత్తే రైల్లో తలుపు దగ్గర నిలబడ్డట్టుంటుంది. కాగితాలు ఎగురుతాయి, టవర్ మాట సరిగ్గా వినపడదు. ఒంటరిగా ఉన్న కుర్రాడికి టెన్షన్ రాకుండా ఉంటుందా?

అక్కణ్ణుంచి ఏం జరిగి ఉంటుందో మీరు రాసిన దాన్నిబట్టి ఊహిస్తున్నాను. తొందరగా దిగాలన్న ఆత్రంలో స్పీడ్ తగ్గించి ఉండడు. ఫ్లాప్స్ (నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) దించాక ఈ విమానాన్ని 60, 70 నాట్ల (గంటకి 110, 130 కిలోమీటర్ల) మధ్య తెస్తాం. అంతకు మించి తెస్తే నేలకి కాస్త ఎత్తులో తేలుతూ పోతుందే గానీ కూర్చోదు. రన్‌వే అయిపోతోందని బలవంతంగా ముక్కు కిందికి నొక్కితే వెనక చక్రాల కంటే ముందు ముక్కు చక్రం తగులుతుంది. ఎగురుతుంది. మళ్లీ నొక్కితే ఇంకా గట్టిగా పడుతుంది. ముక్కు చక్రం అంత బరువు మోయడానికి చేసింది కాదు. మొదటిసారి ఎగిరినప్పుడే ఫుల్ పవర్ ఇచ్చి పైకి లేచి, మరో చుట్టు కొట్టి రావచ్చు. గో-అరౌండ్ అంటే అదే. కానీ కిందికి రావాలనే తపనలో ఉన్నవాడికి మళ్లీ పైకి వెళ్లాలని తోచదు.

ఒక చిన్న విషయం మీద మనసు చిక్కుకుంటే అసలు పని తోచకపోవడం వాడికే కాదు, పండిపోయిన వాళ్లకీ జరుగుతుంది. 1972 డిసెంబర్ 29 రాత్రి అమెరికాలోని మయామీలో దిగబోతున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానంలో ముక్కు చక్రం దిగిందని చూపే చిన్న బల్బు వెలగలేదు. 2,000 అడుగుల ఎత్తులో ఆటోపైలట్‌కి అప్పగించి కాక్‌పిట్‌లో అందరూ ఆ బల్బు మీద పడ్డారు. ఎత్తును పట్టి ఉంచే ఏర్పాటు విడిపోయి విమానం మెల్లగా దిగుతుంటే ఎవరూ గమనించలేదు. ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలో కూలి వందమంది దాకా పోయారు. తీరా చూస్తే చక్రం దిగే ఉంది, మాడింది బల్బు.

మీవారితో మాత్రం ఏకీభవించలేను. గడియ అరిగిపోయి ఉంటే అది మెయింటెనెన్స్ వాళ్ల బాధ్యతే, చూడాల్సిందే. కానీ బయల్దేరే ముందు తలుపులు పడ్డాయో లేదో చూసుకోవడం చెక్‌లిస్టులో ఉంటుంది, సోలోలో, అంటే ఒక్కడే ఎగిరేటప్పుడు, ఆ పని వాడిదే. రిపోర్టులో జరిగింది జరిగినట్టు రాయమనండి. ఇలాంటి దర్యాప్తు ఉండేది ప్రమాదం మళ్లీ జరగకుండా చూడటానికే తప్ప నింద మోపడానికి కాదని అంతర్జాతీయ నిబంధన, అనెక్స్ 13, స్పష్టంగా చెబుతుంది.

మాన్పించొద్దు. మళ్లీ సోలోకి వెళ్లే ముందు ఇన్‌స్ట్రక్టర్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఫైనల్లో (రన్‌వేకి సూటిగా దిగొచ్చే ఆఖరి దశలో) స్పీడ్ పట్టుకోవడం, నేలకి తగిలి ఎగిరిన వెంటనే గో-అరౌండ్ చెయ్యడం విసుగొచ్చేదాకా చేయమనండి. మా ఇన్‌స్ట్రక్టర్లకి ఓ పాత చిలిపి అలవాటుంది: విమానం నెమ్మదిగా వెళ్తుండగా పెన్సిల్ కింద పడేసి, 'తియ్యి బాబూ' అంటాం. వంగి వెతుకుతూ స్పీడ్ మర్చిపోతాడా లేదా అని చూస్తాం. మీవాడికీ అది పెట్టమని అడగండి. ఇదంతా అయ్యాక కూడా వాడికే ఎక్కబుద్ధి కాకపోతే అప్పుడు మళ్లీ రాయండి.