వేపాకు సారంతో తుప్పు పరీక్ష: ఫలితం రోజుకోరకంగా ఎందుకొస్తోంది?

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం 1 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేపాకు సారం కలిపి మైల్డ్ స్టీల్ మీద పరీక్షిస్తున్నానని, రక్షణ ఒకరోజు 80 శాతం, మర్నాడు 45 శాతం వస్తోందని రాశారు. అప్పుడే సారాన్ని అనుమానించకండి. ముందు బ్లాంక్‌ను, అంటే ఉత్త యాసిడ్‌లో వేసిన కూపన్‌ను (తూచి వేసే చిన్న స్టీల్ ముక్కను) చూడండి. సారంలో ఉంచిన ముక్క బరువు దీనికంటే ఎంత శాతం తక్కువ తగ్గిందో అదే రక్షణ.

నా ప్రాజెక్టులోనూ ఇదే జరిగింది. 3 × 2 సెంటీమీటర్ల ముక్కలు, ఆరు గంటలు. ఒకేరోజు పెట్టిన రెండు బ్లాంకుల్లో ఒకటి 62 మిల్లీగ్రాములు తగ్గింది, ఇంకోటి 91. సారంలో ఉంచినది 30 తగ్గింది. 62తో లెక్కేస్తే రక్షణ 52 శాతం, 91తో అయితే 67! నెలన్నరపాటు సారం తయారీనే మార్చుకుంటూ పోయాను, టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. చివరికి ఒక కూపన్‌ని కిటికీ వెలుతురులో తిప్పి చూస్తే, కత్తిరించిన అంచు పక్కన నల్లటి మిల్ స్కేల్ (స్టీల్‌ని వేడిగా రోల్ చేసినప్పుడు పైన పట్టే ఆక్సైడ్ పొర) సన్నటి గీతలా అలాగే ఉంది. ముఖాలు అద్దంలా రుద్దాను, అంచులు వదిలేశాను.

కాబట్టి 220, 400, 600 ఎమరీ కాగితాలతో వరసగా అంచులూ, దారం కట్టే రంధ్రం లోపలా కూడా రుద్దండి. అసిటోన్‌తో కడిగాక చేత్తో ముట్టుకోవద్దు, పటకారుతోనే పట్టుకోండి. తూకం 0.1 మిల్లీగ్రాము దాకా చూపే త్రాసులో వేయాలి.

యాసిడ్ పరిమాణం చాలామంది పట్టించుకోరు. చదరపు సెంటీమీటరుకు కనీసం 20 మిల్లీలీటర్లు ఉండాలి. 1 మిల్లీమీటరు మందం ఉంటే ఈ ముక్క వైశాల్యం అంచులతో కలిపి 13, అంటే 260 మిల్లీలీటర్లు. 100 మిల్లీలీటర్ల బీకరు చాలదు. ఉష్ణోగ్రత మారకుండా ఉంచే వాటర్‌బాత్ తప్పనిసరి. మన ఏప్రిల్ ఎండల్లో ఉదయం పెట్టిన బీకరూ మధ్యాహ్నం పెట్టినదీ ఒకటి కావు.

సారం ఇథనాల్‌తో తీశారా? అయితే పూర్తిగా ఆరబెట్టి, ఆ పొడిని తూచి కలపండి. ఇథనాల్ ఏ కాస్త మిగిలినా బ్లాంకులోనూ అంతే పోయాలి. నీటితో తీసిన సారమైతే ఏ రోజుది ఆ రోజే వాడండి, నిల్వ ఉంచితే బూజు పడుతుంది.

పక్కనే ఒక బీకరులో హెక్సమిన్ కూడా పెట్టండి. అది ఎప్పటినుంచో వాడుకలో ఉన్న ఇన్‌హిబిటర్, అంటే తుప్పును తగ్గించే పదార్థం. దాని అంకె కూడా రోజూ మారుతుంటే లోపం మీ పద్ధతిలోనే ఉంది.

రేపు మూడు బ్లాంకులు పెట్టి, మూడింటి తరుగూ ఇక్కడ రాయండి. వేపాకు సంగతి ఆ తర్వాత చూద్దాం.