ఊళ్లో మీటింగ్ పెడితే ఎవరూ రావట్లేదా?

ఆ ఊరికి కొత్తగా వచ్చి రెండుసార్లు మీటింగ్ పెట్టారు, మొదటిసారి నలుగురొచ్చారు, రెండోసారి మీరొక్కరే కూర్చున్నారు, ఇక అందర్నీ కలపడం ఎలా అని అడిగారు కదా. ముందు ఆ మీటింగులు ఆపేయండి.

సాయం చేస్తానని వెళ్లకండి, సాయం అడగండి. ఎవరింటికైనా వెళ్లి నిచ్చెన అడిగి తెచ్చుకుని, చెప్పిన రోజుకే మట్టి తుడిచి తిరిగివ్వండి, ఆ గుమ్మం దగ్గర మాట్లాడే పది నిమిషాల్లోనే ఎవరికి ఎవరితో పడదో, ఎవరి మాట చెల్లుతుందో తెలిసిపోతుంది. అది తెలియకుండా ఒక వర్గం మనిషి ఇంట్లో మీటింగ్ పెడితే రెండో వర్గం ఆ గడప తొక్కదు. మీకు జరిగింది కూడా బహుశా అదే.

తర్వాత కాలువలో పూడిక తీయడం లాంటి, ఒక్క పూటలో అయిపోయే పని ఒకటి పట్టుకోండి. రెండు వర్గాల నుంచి చెరొకరిని విడిగా కలిసి 'మీరొస్తే మొదలుపెడదాం' అనండి. ఆ రోజు ఉపన్యాసాలు, ఫొటోలు వద్దు (నిజంగా వద్దు).

ఉమ్మడిగా మోటారో పనిముట్టో కొనాల్సి వస్తే మాత్రం నియమాలు మీరు రాయకండి. ఉమ్మడి అడవులు, సాగునీటి కాలువల మీద పరిశోధించి 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ గమనించింది ఇదే: వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని, వాళ్లే కాపలా కాసి, తప్పు చేస్తే మొదట చిన్న జరిమానాతో సరిపెట్టిన చోట అవి చాలాకాలం నిలిచాయి. ఒక నోటుబుక్కు చాలు, ఎవరు తీసుకెళ్లారు, ఎప్పుడు తెచ్చారు, అంతే. ఆ పుస్తకం మాత్రం మీ ఇంట్లో పెట్టుకోకండి.